భయపెట్టి తప్పుకున్న నవల

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ పెద్దల కోసం రాసిందే కావచ్చు. 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆ నవలను మా కొత్తచెరువు వైపు నేనెరిగినంతలో పోటీపడి చదివింది మాత్రం హైస్కూలు దాటీ దాటని పిల్లలే.

ఆస్తి కోసం తులసి అనే చిన్నపిల్ల మీద కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. పాప కృశించిపోతుంటే కన్నవాళ్లు పడే యాతన చదువుతూ పుస్తకం కింద పెట్టలేం. అంత బిగువుగా కథ నడపడం తెలుగులో కొద్దిమందికే చేతనైంది. అందుకే నా నిరాశా పెద్దదే.

వైద్యం ఒకవైపు, మంత్రం ఒకవైపు పరుగెత్తాక, పాప దేనివల్ల బతికిందో మీరే తేల్చుకోండని రచయిత తప్పుకుంటారు. తేల్చకపోవడమే తప్పని నేననను. 1898లో హెన్రీ జేమ్స్ రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’లో దయ్యాలు నిజంగా ఉన్నాయో, వాటిని చూశానంటున్న పంతులమ్మ మనసే చెదిరిందో నేటికీ వాదనే. అక్కడ కథంతా ఆమె నోటే వింటాం కనుక ఆ అనుమానం చెల్లుతుంది. ఇక్కడ క్షుద్రపూజలన్నీ కళ్లకు కట్టి, ఔనని నమ్మించి, చివర్లో డాక్టర్లకూ వాటా పంచారు.

‘చందమామ’ బేతాళుడు ఇలా చేయడు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుంది, నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎన్ని కథలైనా ఆ కట్టుబాటు మారదు. పిల్లలు దాన్ని నమ్మి హాయిగా భయపడతారు, కథ అయిపోగానే బయటికొస్తారు. ‘తులసిదళం’లో ఉన్నవి మనలాంటి ఇళ్లు, మనం వెళ్లే ఆసుపత్రులు. పుస్తకం మూసినా అనుమానం వదలదు.

మా పల్లెల్లో పిల్లాడికి మూర్ఛ వస్తే ‘గాలి సోకింది’ అని ముందు తాయెత్తు కట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు. పక్కనే పుట్టపర్తిలో 1991 నుంచి పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రి ఉంది. మూర్ఛకైతే రైలెక్కి బెంగళూరు నిమ్హాన్స్‌కు పోవచ్చు. అయినా తాయెత్తే ముందు. తెలంగాణ పల్లెల్లో చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు ఎన్ని చదవలేదు! రచయిత్రి రంగనాయకమ్మ ‘తులసిదళం’ మీద అంత కోపంగా విమర్శ రాయడం నాకు అర్థమవుతుంది.

అయినా దయ్యాల కథలు వద్దనను. పదహారేళ్ల వయసుకు భయం రుచి తెలియాలి. పెనుకొండ కోట శిథిలాలు, ఊరి చివర చింతచెట్లు, ఎంత లోతు వేసినా నీళ్లు పడని బోర్లు... అలాంటి కథకు మా సీమలో చోటు కొదవా? ఆ దయ్యానికి ఒక నియమం పెట్టి, ఆఖరి పేజీ దాకా దానికి కట్టుబడి ఎవరు రాసినా, మా ఊరి ఇంటర్ పిల్లలకు ఆ నవల నేనే కొనిస్తాను.