తారుకూ జ్ఞాపకం ఉంటుంది

తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి 716వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కితే, స్టాపు వచ్చిన ప్రతిసారీ నా చూపు రోడ్డు మీదికే పోతుంది. బస్సులు వేగంగా సాగే చోట తారు సాఫీగా ఉంటుంది. ఆగే చోట చక్రాల దారిలో రెండు గాడులు పడి ఉంటాయి. అదే బస్సు, అదే బరువు. తేడా అల్లా ఎంతసేపు నిలబడిందన్నదే. ఆ తేడాను సమీకరణంలోకి తేవడమే నా వృత్తి.

తారు సగం ఘనం, సగం ద్రవం. చక్రం చటుక్కున దొర్లిపోతే స్ప్రింగులా తిరిగి లేస్తుంది. చాలాసేపు నొక్కి ఉంచితే పాకంలా జారుతుంది. పూరీ పిండీ అంతే. కలిపిన వెంటనే ఒత్తితే అంచులు వెనక్కి లాక్కుంటాయి. "కాసేపు నాననివ్వరా" అనేది అమ్మ. పావుగంట పోయాక అదే పిండి అప్పడాల కర్ర కింద చెప్పినట్టు వింటుంది. లోపలి బిగువు సడలింది మరి. ఆ సడలింపు కాలాన్ని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1867లో లెక్కలోకి తెచ్చాడు: జిగటను గట్టిదనంతో (స్థితిస్థాపక గుణకంతో) భాగిస్తే వచ్చేది అదే.

ఈ సగం ఘనం, సగం ద్రవం స్వభావానికి బొమ్మగా ఒక స్ప్రింగు, దాని కొసన నూనె డంపరు గీస్తే అది మాక్స్‌వెల్ నమూనా. రెండింటినీ స్కూటర్ షాకబ్జార్బరులో లాగా జంటగా పెడితే కెల్విన్, వోయిట్‌ల నమూనా. మొదటిది బిగువు సడలడాన్ని చెబుతుంది, రెండోది మెల్లగా సాగడాన్ని. తారుకు ఏ ఒక్కటీ చాలదు. పైగా ఎండ ముదిరేకొద్దీ సడలే కాలం తగ్గిపోతుంది. మే నెల తిరుత్తణి ఎండ సంగతి తెలిసిందే. వీజీ-30 రకం తారు జిగటను 60 డిగ్రీల దగ్గర కొలిచి, కనీసం 2400 పాయిజ్ ఉండాలనడం అందుకే.

మరో స్ప్రింగు, మరో డంపరు చేర్చుకుంటూ పోతే ఏ ప్రయోగ ఫలితానికైనా గీత అతుకుతుంది. కొత్తలో అలా అతికించి మురిసిపోయాను. బరువు వేస్తూ, తీస్తూ పరీక్షించేసరికి ఆ నమూనా తేలిపోయింది. బరువు తీశాక తారు ఎంత వెనక్కి వస్తుందో తప్పు చెప్పింది. అప్పటి నుంచి, నమూనా ఎన్నడూ చూడని బరువు వేసి చూశాకే దాన్ని నమ్ముతున్నాను.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నా మాట ఒక్కటే. ముందు ఓ మిట్టమధ్యాహ్నం బస్టాపులో నిలబడి ఆ గాడుల్ని చూడండి. వాటి లోతును ముందే చెప్పగలిగిన లెక్కే రోడ్డుకు పనికొచ్చే లెక్క.