మగ్గం గదిలో మనిషికి చోటెంత?

చేతిపని, ఆరోగ్యసాధన రెండూ ఒకే గదిలో జరిగేలా లోపలి అమరిక చేయడం ఈమధ్య నగరాల్లో వాడుకైంది. ఒక మూల చిన్న మగ్గం, మరో మూల యోగా చాపలు. ఈ ఆలోచనలోని గట్టిదనమెంతో తేల్చుకోవడానికి మీరు నగరానికి పోనక్కరలేదు. మంత్రాలయానికి చేరువలోని ఎమ్మిగనూరు చాలు.

1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది. సంఘం జమాఖర్చులు అర్థశాస్త్రం వారికి వదిలేసి, మనం గదిని చూద్దాం.

గుంట మగ్గంలో నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి తొక్కుడు చెక్కలు నొక్కుతాడు. చేతులు నాడెను ఆడిస్తాయి. గుంట వల్ల నేలలోని చెమ్మ పడుగుకు అందుతుంది. ఎండిన నూలు పెళుసుబారి తెగుతుంది. పడమటి కర్నూలు ఎండలు మీకు తెలియనివి కావు. మట్టి మిద్దె, మందపాటి గోడలు, పైనుంచి వెలుగునిచ్చే గవాచి కూడా ఆ చల్లదనానికి తోడ్పడతాయి. ఇంత పొందికైన గదిని ఏ డిజైనరూ కాగితం మీద గీసి ఇవ్వలేదు.

అయితే ఆ పొందిక ఎవరి కోసం? నూలు కోసం. విమర్శ ఇక్కడే మొదలవ్వాలి. చిన్న కిటికీ గదిని చల్లగా ఉంచుతుంది, కంటికి మాత్రం శ్రమ పెంచుతుంది. గంటల తరబడి ముందుకు వంగే నడుముకు ఆనుకునే చోటుండదు. నూలు దుమ్ము బయటికి పోయే దారి తక్కువ. వానాకాలంలో గుంటలో నీరూరితే నేత ఆగుతుంది, దానితో కూలీ ఆగుతుంది. ఇక కండెలు చుట్టే స్త్రీకి గదిలో కేటాయించిన చోటే ఉండదు. వంటకూ రాట్నానికీ మధ్య మిగిలినదే ఆమె చోటు.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు కొన్ని దేశాల్లో నేత, బుట్టల అల్లిక నేర్పించి చికిత్స చేశారు. దాన్ని చూపి నేత స్వతహాగా ఆరోగ్యమిస్తుందనే వారున్నారు. ఆ వాదన నిలవదు. రోగి అలసినప్పుడు లేచిపోవచ్చు. చీర లెక్కన కూలి తీసుకునే మనిషి లేవడు. పని ఒకటే, షరతులు వేరు.

కాబట్టి ఇటువంటి గది నమూనా మీ చేతికొస్తే చాపల రంగు తర్వాత చూడండి. ముందు కూర్చునే పలక ఎత్తు మనిషిని బట్టి మార్చవచ్చా, గుంట గోడలకు బండలు పరిచారా, మగ్గం పక్కనే లేచి ఒళ్ళు విరుచుకోవడానికి చోటుందా, కండెలు చుట్టేవారికి వెలుగుందా అని అడగండి. మంత్రాలయంలోనే కట్టేదైతే నేలమట్టం గురించీ అడగాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఆ ఊరిని ముంచెత్తింది. పల్లపు చోట తవ్విన గుంటలోకి నీరు అందరికంటే ముందు చేరుతుంది.