మట్టిపలక మీద వరవడి

అరచేతిలో ఇమిడే గుండ్రటి మట్టిబిళ్ళ. పైన రెండు పంక్తులు గురువు పెట్టిన వరవడి. గుర్తులు పొందికగా, ఒకే ఎత్తున ఉంటాయి. కింద అవే పంక్తులు శిష్యుడు దిద్దినవి. అక్కడ ఒక గుర్తు పక్కదాని మీదికి ఎక్కేస్తుంది, చివరికొచ్చేసరికి చోటు చాలక మాట ముడుచుకుపోతుంది. దక్షిణ ఇరాక్‌లోని నిప్పుర్ దిబ్బల్లో ఇలాంటి చదువుల పలకలు బోలెడు దొరికాయి. దాదాపు 3,750 ఏళ్ళ కిందటివి. ఒకదాని మీదైతే పంటిగాట్లు కూడా ఉన్నాయి. విసుగొచ్చి కొరికాడో, ఆకలేసి కొరికాడో!

మనుషులు నేర్చుకోవడం బడితో మొదలవలేదు. వేట, సేద్యం, కుండ, మగ్గం అన్నీ పెద్దల వెనకాల తిరిగి, చేతులు కాల్చుకుని పట్టుబడ్డ విద్యలే. ఒకచోట కుదురుగా కూర్చుని నేర్వాల్సిన అవసరాన్ని దక్షిణ ఇరాక్‌లోని ప్రాచీన సుమేరులో రాత తెచ్చిపెట్టింది. క్రీ.పూ. 3200 ప్రాంతంలో ఉరుక్ నగరంలో బార్లీ, గొర్రెలు, కూలీల బత్తెం లెక్కలు పెట్టుకోవడానికి గుర్తులు పుట్టాయి. విచిత్రమేమిటంటే, ఆ తొలి పలకల్లో సుమారు పదోవంతు లెక్కలు కావు. కుండల పేర్లు, జంతువుల పేర్లు, ఉద్యోగాల పేర్లు వరుసగా రాసిన పట్టీలు. అంటే రాత పుట్టిన వెంటనే దాన్ని నేర్పే పాఠం కూడా పుట్టింది. అందులో ఉద్యోగాల పట్టీనైతే వెయ్యేళ్ళకు పైగా ఎత్తిరాస్తూ వచ్చారు, ఆ పదవుల్లో చాలావాటికి వాడుక పోయాక కూడా. సిలబస్ మార్చడానికి మనసొప్పని జబ్బు కొత్తదేం కాదు.

సుమేరియన్లు బడిని ఎదుబ్బా అన్నారు, పలకల ఇల్లు అని. మారి అనే ప్రాచీన నగరపు రాజభవనంలో అరుగుల వరుసలున్న గది బయటపడినప్పుడు తవ్వినవాళ్ళు ఇదే బడి అని సంబరపడ్డారు. ఆ మాట ఇప్పుడు చాలామంది పండితులు ఒప్పుకోరు. అసలు ఆధారం 1951-52లో నిప్పుర్‌లో తవ్విన ఒక చిన్న ఇంట్లో దొరికింది. పురావస్తువేత్తలు దానికి ‘ఎఫ్ ఇల్లు’ అని పేరు పెట్టారు. బాబిలోను రాజు హమ్మురాబి కొడుకు సంసుయిలున ఏలుబడి నాటిది. చూడబోతే మామూలు గృహస్థు కొంపే. కానీ అందులో దాదాపు 1,400 పలకల ముక్కలు దొరికాయి. తారు పూసిన తొట్టి కూడా ఒకటి ఉంది. పాత పలకల్ని అందులో వేసి, తడిపి, పిసికి మళ్ళీ కొత్త పలకలు చేసుకునేవారు.

చదువు చేతితో మొదలయ్యేది. రెల్లుపుల్లను కోసి, దాని అంచును పచ్చిమట్టిలో ఒత్తాలి, గీయకూడదు. నిలువు ఒత్తు, అడ్డం ఒత్తు, ఏటవాలు ఒత్తు. అవి కుదిరాక ‘తు, త, తి, ను, న, ని, బు, బ, బి’ అంటూ సాగే వరుసలు. మన గుణింతం చదివినవాడికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత మనుషుల పేర్లు. ఆ తర్వాత వేలాది మాటల పెద్ద నిఘంటువు: మొదట చెట్లూ కొయ్య సామానూ, పిమ్మట రెల్లు, కుండలు, తోలు, లోహాలు, జంతువులు, మాంసం, రాళ్ళు, మొక్కలు, చేపలు, పక్షులు, బట్టలు, ఊళ్ళు, చివరికి తిండి. వర్గాలవారీగా సాగే అమరకోశాన్ని వీధిబడుల్లో వల్లె వేయించిన తీరు ఇందులో కనిపిస్తుంది. తూనికలు, కొలతలు అయ్యాక ఎక్కాలు. వాళ్ళది అరవై మీద నడిచే లెక్క. ఒక్కో ఎక్కంలో ఒకటి నుంచి ఇరవై దాకా, ఆపైన ముప్ఫై, నలభై, యాభై. మిగతావి కూడుకుంటే వస్తాయి కదా. చివర్లో పత్రాల నమూనాలు, సామెతలు.

నాకు బాగా నచ్చేది పెద్దపలకల పద్ధతి. ముందువైపు ఎడమ సగంలో గురువు వరవడి, కుడి సగంలో శిష్యుడి రాత. తప్పు పోయిన కొద్దీ గీకి, చదును చేసి మళ్ళీ రాసేవాడు కాబట్టి కుడిపక్క మట్టి అరిగి పలచబడి ఉంటుంది. పలక తిప్పితే, అంతకుముందెప్పుడో నేర్చిన పాఠం, చూడకుండా బారుగా రాసింది. ముందు కొత్తపాఠం, వెనక పాతపాఠం అన్నమాట. ఏ పాఠం వెనక ఏది ఉందో వందల పలకల్లో పోల్చుకుంటూ వచ్చి, చదువులో ఏది ముందో ఏది తర్వాతో ఈనాటి పండితులు పట్టేశారు.

ఇంత శ్రమా ఏ భాష కోసం? ఆనాటికి ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది అక్కాడియన్. సుమేరియన్ ఎవరికీ తల్లిభాష కాదు. ఒక ఉత్తరమో, అప్పుపత్రమో రాసుకోవడానికి కొద్దిపాటి గుర్తులు చాలు. బడి అంతకు ఎన్నో రెట్లు నేర్పింది. పలుగు మీద ఒక పొడుగాటి పాట ఉంది. పలుగుకు వాళ్ళ మాట ‘అల్’. ఆ శబ్దం వచ్చే మాటలన్నీ వెతికి తెచ్చి పేర్చిన చమత్కారం అది. కరణీకానికి దానితో పనేముంది? అయినా శిష్యులు దాన్ని ఎక్కించుకున్నారు. బతుకుతెరువుకు అవసరమైనదాన్ని మించి నేర్పడమే ఎదుబ్బా ప్రత్యేకత అనుకుంటాను. ఊర్ రాజు షుల్గి కూడా తన స్తోత్రాల్లో పలకల ఇంట్లో చదువుకున్నానని గొప్పగా చెప్పుకున్నాడు.

చదువు తీపిగా సాగిందని మాత్రం అనుకోవద్దు. 1949లో సుమేరు పండితుడు శామ్యూల్ నోవా క్రేమర్ ప్రచురించిన ఒక బడికథలో పిల్లవాడికి ఆలస్యమైతే దెబ్బ, మాట్లాడితే దెబ్బ, దస్తూరి బాగాలేకపోతే దెబ్బ, సుమేరియన్‌లో మాట్లాడకపోయినా దెబ్బే. చివరికి తండ్రి గురువుగారిని ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, కొత్తబట్టలు కట్టబెట్టి, వేలికి ఉంగరం తొడుగుతాడు. అంతే, అదే కుర్రాడు గురువుగారి నోట చదువుల సారమంతా చదివినవాడైపోతాడు! ఈ కథను కూడా పిల్లల చేతే ఎత్తిరాయించారు. అందుకే దాన్ని ఫిర్యాదు కన్నా ఎగతాళిగానే చదవాలనిపిస్తుంది. రాతగాళ్ళలో ఎక్కువమంది కలిగినవాళ్ళ కొడుకులే; సిప్పర్ నగరంలో మటుకు లేఖకులుగా ఆడవాళ్ళ పేర్లూ కనిపిస్తాయి.

ఎఫ్ ఇంట్లో తొట్టిలోకి పోకుండా మిగిలిన పలకల్ని నేలలోనూ గోడల్లోనూ ఇటుకముక్కల్లా వేసి కట్టేశారు. అలా బతికినవాటిలో 80కి దగ్గరగా సాహిత్య రచనలున్నాయి: గిల్గమేష్ దేవదారు అడవికి వెళ్ళిన కథ, అక్కద్ రాజు సర్గోను కూతురు ఎన్‌హెదువన్న పేరు మీదున్న ఇనాన్న దేవత స్తోత్రం, మరెన్నో. సుమేరు సాహిత్యంలో ఇప్పుడు మనకున్న దానిలో చాలా భాగం ఇలాంటి పిల్లల రాతల్లోంచే వచ్చింది. ఒక కావ్యాన్ని పరిష్కరించే పండితుడు పదుల కొద్దీ ప్రతుల్ని పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకడు ఎగరగొట్టిన పంక్తిని ఇంకొకడి పలకలో వెతుక్కోవాలి.