సుల్తానా కల - మన నిద్ర

మా ఆడవాళ్ల గురించి మాట్లాడేవాళ్లంతా బుర్ఖా దగ్గరే ఆగిపోతారు. ఆ బుర్ఖా లోపల ఒక బుర్ర ఉందని, అది యుద్ధం గురించీ రాజ్యం గురించీ కూడా ఆలోచిస్తుందని వాళ్లకు తట్టదు. బయటివాళ్లని అనడమెందుకు? ముస్లిం రచయితలమని చెప్పుకునే మాకే తట్టలేదు.

1905లో మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అనే ఇంగ్లీషు పత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' కథ అచ్చయింది. రాసింది బెంగాలీ ముస్లిం స్త్రీ రొకేయా సఖావత్ హుస్సేన్. ఆ పత్రిక నడిపిన కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచు. అంటే ఈ కథ మన గడప తొక్కి నూరేళ్లు దాటింది. మనం తలుపు తియ్యలేదు.

పడక్కుర్చీలో కునుకు తీసిన సుల్తానా కలలో 'లేడీలాండ్' చేరుకుంటుంది. అక్కడ మగవాళ్లు మర్దానాలో, ఆడవాళ్లు వీధుల్లో, దర్బారులో ఉంటారు. రొకేయా భర్త ఈ కథని నిలబడే చదివేసి, ఇది భయంకరమైన ప్రతీకారం అన్నాడట. విమర్శకులకి ఆ మాటే అంటుకుపోయింది. పర్దాని తిరగేసి చూపిన వ్యంగ్యం అని ఒక ముద్ర కొట్టి పక్కన పెట్టేశారు.

అసలు ఆ మగవాళ్లు లోపలికి ఎలా పోయారు? వాళ్లనెవరూ తన్ని తోలలేదు. ఆడవాళ్ల విశ్వవిద్యాలయాలు మబ్బుల నుంచి నీళ్లు, సూర్యుడి నుంచి వేడి పట్టుకునే విద్య కనిపెడుతుంటే, మగవాళ్లు సైనికబలం పెంచుకోవడంలో మునిగిపోయారు. ఆడవాళ్ల పరిశోధనని చూసి ఎగతాళి చేశారు. ఇంతలో పొరుగు దేశం నుంచి కొందరు శరణు కోరి వచ్చారు. వాళ్లని అప్పగించమంటే రాణి ఒప్పుకోలేదు. యుద్ధం వచ్చింది. పదహారేళ్ల కుర్రాడు కూడా ఇంట్లో మిగల్లేదు. అంత పెంచి పోషించిన సైన్యం ఓడిపోయింది. అప్పుడు అలసిపోయి, గాయపడి వాళ్లు మర్దానాలోకి నడిచారు. ఇది సైన్యం మీద రాసిన కథ. ఒక దేశం తన సొమ్ము చదువు మీద పెట్టాలా, ఆయుధాల మీద పెట్టాలా అని ఒక పర్దానషీన్ బ్రిటిష్ సామ్రాజ్యం మధ్య కూర్చుని అడిగింది. పరుల నేలా వద్దు, కోహినూరుని మించిన వజ్రమైనా వద్దు అనుకునే రాణిని ఆ సామ్రాజ్యం ముందు నిలబెట్టింది.

అయినా ఒక చోట రొకేయాతో మాకు పేచీ ఉంది. లేడీలాండ్‌లో శాంతి ఎలా వచ్చింది? ప్రిన్సిపాలమ్మ రెండువేలమంది విద్యార్థినులతో రణరంగానికి వెళ్లి, సూర్యుడి వేడిని శత్రువు మీదికి తిప్పింది. అంటే అదీ ఆయుధమే. ఇంకా పెద్ద ఆయుధం. యుద్ధాన్ని ఈసడించిన ఆ బుర్ర కూడా, గెలవకుండా ఆగే యుద్ధాన్ని ఊహించలేకపోయింది.

ఆ ఊహకందని చోట కశ్మీరు తల్లులు కూర్చున్నారు. 1990లో భద్రతాబలగాలు తీసుకుపోయిన పరవీనా ఆహంగర్ కొడుకు జావేద్ తిరిగి రాలేదు. క్యాంపులు, జైళ్లు, కోర్టులు తిరిగిన ఆమె, తనలాంటి వాళ్లతో కలిసి 1994లో అదృశ్యమైనవారి తల్లిదండ్రుల సంఘం పెట్టింది. 2019కి ముందు ఏళ్ల తరబడి ప్రతి నెలా పదో తారీఖున శ్రీనగర్ ప్రతాప్ పార్కులో, ఒళ్లో ఫొటో పెట్టుకుని వాళ్లు కూర్చునేవాళ్లు. మొగుడు బతికున్నాడో లేడో తెలియని 'సగం వితంతువులు' కూడా ఆ వరసలో ఉన్నారు. వాళ్ల చేతిలో సూర్యుడు లేడు. వాళ్లది ఒకటే సవాల్: మా బిడ్డలెక్కడ? 2017లో నార్వే వాళ్లు పరవీనాకి రాఫ్టో బహుమతి ఇచ్చారు.

మరి మేమేం ఇచ్చాం? మా కవిత్వంలో ముస్లిం స్త్రీ ఏడుస్తుంది, కాలిపోతుంది, చెరచబడుతుంది. ఆమె గాయం మాకు కావాలి, ఆమె ఆలోచన అక్కర్లేదు. మేం మా అస్తిత్వాన్ని ఆమె పైటకొంగుకి ముడేసి, మా దేశభక్తిని నిరూపించుకోడానికి సరిహద్దు మీద తుపాకీకి సలాం కొట్టాం. ప్రతి యుద్ధమప్పుడూ మమ్మల్ని అనుమానంగా చూసేవాళ్ల ముందు అందరికన్నా గట్టిగా నినాదమిచ్చాం. ఆ భయం మాకు తెలుసు. అది నిజమైన భయం. కానీ ఆ భయంలోనే మా తల్లుల ప్రశ్నని నొక్కేశాం. సెక్యులర్ మిత్రులారా, మీరూ అంతే. తలాక్ గురించి మా అమ్మీలని అడుగుతారు. సైనిక బడ్జెట్ గురించి ఎప్పుడైనా అడిగారా?

సుల్తానా కల చివర్లో జారిపడి మేలుకుంటుంది. మనమింకా నిద్రలోనే ఉన్నాం.