విషజ్వరంలో విషం ఏది?

తొలకరి పడి నెల తిరిగేసరికి పత్రికల్లో ఏజెన్సీ పేరు కనబడుతుంది. పక్కనే విషజ్వరాలు అనే మాట ఉంటుంది. ఆ మాట మీద నాకు చాలాకాలంగా కోపం. విషం ఎక్కడిది? నీళ్లదా, గాలిదా, అడవిదా? మాట చెప్పదు. మలేరియాకు కారణం ప్లాస్మోడియం అనే పరాన్నజీవి. డెంగీకి వైరస్, టైఫాయిడ్‌కు బాక్టీరియా. మూడింటికీ పరీక్షలు వేరు, వైద్యం వేరు. డెంగీ వైరస్‌ను చంపే మందు అసలు లేనే లేదు. మూడింటినీ ఒకే విషంలో కలిపేస్తే, పరీక్ష చేసే మనిషి ఊరికి రాలేదన్న సంగతి కూడా అందులోనే కలిసిపోతుంది. అడవిలో ఉన్నారు కాబట్టి పోయారన్నట్టు మిగులుతుంది.

పత్రికలనే అని లాభం లేదు, బడిలో మనం చెప్పే మాటలూ అలాగే ఉన్నాయి. ఇక్కడ బుద్వేల్‌లో దోమ వ్యాధి వాహకం అని చెబుతుంటే ఒక పిల్ల లేచి, "రాగి తీగ లెక్కనా సార్?" అంది. తరగతి నవ్వింది. కానీ భౌతికశాస్త్రంలో రాగి వాహకమే కదా! తీగలో కరెంటు ఊరికే పారుతుంది. దోమలో అలా కాదు. పరాన్నజీవి దాని పొట్టలో పెరిగి, పది పదిహేను రోజులకు లాలాజల గ్రంథులకు చేరుతుంది. అప్పుడే ఆ కాటుతో జబ్బు వస్తుంది. వాహకం అన్న మాటలో ఈ కథంతా లేదు.

ఆ కథ బయటపడ్డది మనకు దగ్గరలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడుగాలి. పేరు తప్పే, అయినా నష్టం లేదు. ఆ పేరు చెబితే ఏ పరీక్ష చేయాలో తెలుస్తుంది. విషజ్వరానికి ఆ మాత్రం గుణం కూడా లేదు.

క్రిమి ఇంకా ప్రమాదం. సూక్ష్మక్రిమి అంటాం, పత్తికి కొట్టే మందును క్రిమిసంహారకం అంటాం, ఆసుపత్రి నేల తుడిచేదాన్నీ అదే అంటాం. పేలకని పత్తి మందును పిల్ల తలకు రాసిన ఇల్లు నేను చూశాను.

బాక్టీరియా, వైరస్, పరాన్నజీవి అని విడివిడిగానే చెబుదాం. తెలుగు చేయాలన్న తొందరలో మూడింటినీ సూక్ష్మజీవి సంచిలో వేయొద్దు. పిల్లవాడు గత్తర అంటే, అమ్మవారు అంటే నవ్వొద్దు. గత్తర అంటే కలరా అని ముసలివాళ్లకు తెలుసు, అది ఒక్క జబ్బు పేరే.

రాగి తీగ అడిగిన పిల్ల తర్వాత ఒక చీటీ తెచ్చింది. తమ్ముడికి ఏ జ్వరమో చూసి చెప్పమంది. చీటీలో జ్వరం అని మాత్రమే ఉంది.