దీనుడను అని పాడే ఆడవాళ్లు

అనంతపురం దగ్గర ఒక పల్లెలో స్త్రీల కూడికకి పాట రాసిమ్మని అడిగారు. కవిత్వం రాస్తాను కదా, పాటెంతలే అనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది. కవితలో 'నేను' నాది. గుళ్లో అందరూ కలిసి పాడే పాటలో 'నేను' ఎవరు నోరు తెరిస్తే వాళ్లది. మరి ఆ 'నేను' ఆడా? మగా?

తెలుగులో 'వచ్చాను', 'వేడుతున్నాను' అని ఎవరైనా అనొచ్చు. హిందీలో ఆ వెసులుబాటు లేదు. భాష ఇంత చోటిస్తే మన కీర్తనకారులు క్రియల్ని వదిలి నామవాచకాల వెంట పడ్డారు: దీనుడను, దాసుడను, కుమారుడను. నేను చూసిన ఆ గుళ్లో చాపల మీద కూర్చునేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లంతా తమను తాము మగవాళ్లుగా చెప్పుకుంటూ కళ్లు మూసుకుని పాడుతున్నారు. 'పాపిని' అన్న మాట మాత్రం ఇద్దరికీ సరిపోతుంది. పాపం దగ్గరైనా సమానత్వం దొరికింది!

ఇది ఎవరో కావాలని చేసిన కుట్ర అనను. పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, మన కీర్తన సంప్రదాయాన్ని క్రైస్తవంలోకి తెచ్చినవాడు. పైన రాగం, తాళం, కింద పల్లవి, చరణాలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇప్పటికీ ఆ పద్ధతిలోనే ఉంది. పరాయి మెట్లే దిక్కు కాకుండా కాపాడిన మేలు చిన్నది కాదు. అయితే 1876-78 కరువు తర్వాత తెలుగు జిల్లాల్లో పెద్దఎత్తున క్రైస్తవంలోకి వచ్చింది దళితులు. ఒకరు ముందు చెబితే మిగిలినవాళ్లు అందుకుని, చదువు రాని ఆడవాళ్లు ఆ గ్రాంథికాన్నంతా నోటికి తెచ్చుకున్నారు. వాళ్ల జ్ఞాపకశక్తికి దణ్ణం పెట్టాల్సిందే. వాళ్ల మాట మాత్రం పుస్తకంలోకి రాలేదు. కర్తల పేర్లు చూడండి, దాదాపు అన్నీ మగపేర్లే. 2013లో పక్కనే నంద్యాలకి ఇ. పుష్పలలిత గారు సి.ఎస్.ఐ. మొదటి మహిళా బిషప్ అయ్యారు. వేదిక దాకా వచ్చాం గానీ పాటల పుస్తకం దాకా రాలేదు.

నా మొదటి ప్రతిలో సమరయ స్త్రీ మీద ఒక చరణం ఉంది. 'ఆత్మదాహం', 'జీవజలం' అన్నీ సర్దాను. చదివి వినిపిస్తే ఒకామె అడిగింది: "ఆయమ్మ బిందె యాడ పెట్నావు మేడం?"

సిగ్గేసింది. యోహాను సువార్తలో ఆమె అడిగింది స్పష్టంగా ఉంది: ఆ నీళ్లిస్తే మళ్లీ ఇంతదూరం తోడుకోడానికి రానవసరం ఉండదని. ఆమెకి ఆత్మీయ సంగతి అర్థం కాలేదని ప్రసంగాల్లో నవ్వుతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట, ట్యాంకర్ కోసం కాచుకునే ఆడవాళ్లు నవ్వలేదు. చివరికి ఆమె కుండ వదిలి ఊళ్లోకి వెళ్తుంది. అది విడుదల అని నేను వ్యాఖ్యానించబోతే వాళ్లే దిద్దారు. ఇక్కడ బిందె వదలటమంటే వరసలో చోటు పెట్టుకోవటం.

తిరగరాశాను. నామవాచకాలు తీసేసి క్రియల మీద నడిపాను: వచ్చాము, మోశాము, అడుగుతున్నాము. దేవుడితో అనేటప్పుడు 'మనం' కుదరదు, 'మేము' అనాలి. ఒకరితో ఒకరు చెప్పుకునే పల్లవికి 'మనం' ఉంచాను. బుడ్డలు ఒలిచేటప్పుడు వాళ్లు పాడుకునే మెట్టే తీసుకున్నాను. పొట్టి పాదాలు, ఊపిరి తీసుకోడానికి చోటు. హార్మోనియం వాయించే ఆయన తన గొంతుకు తగ్గ శ్రుతి పెడితే ఆడవాళ్లకి అందదు, అదీ మార్పించాం. ఒక పెద్దాయనకి కోపమొచ్చింది, కూలిపాట మెట్టుతో ఆరాధనేమిటని.

ఆయనకి సంఖ్యాకాండం గుర్తుచేశాను. నిర్గమకాండంలో తంబుర పట్టి స్త్రీలని పాడించింది మిర్యాము. మోషే పాట పేజీ నిండా ఉంటే ఆమెకి దక్కింది ఒక్క వచనం. సంఖ్యాకాండం ఇరవయ్యో అధ్యాయంలో ఆమె చనిపోతుంది. ఆ వెంటనే వచ్చే మాట సమాజానికి నీళ్లు లేవని. ఆయన జవాబు చెప్పలేదు, అడ్డూ చెప్పలేదు.

ఆదివారం పాట అందరూ పాడారు. 'సమరయ స్త్రీలా వచ్చాము' అన్నచోట మగవాళ్లూ గొంతు కలిపారు. వెనక వరసలో ఒక కుర్రాడు మాత్రం ఆ పాదం వచ్చినప్పుడల్లా నోరు మూసుకున్నాడు.