మోరి ఊదిందెవరు?

అరకు అని ఫోన్‌లో వెతికితే కాఫీ కప్పు, బొర్రా గుహలు, వలిసె పూల తోటలు వస్తాయి. వాటి పక్కనే తప్పకుండా గిరిజనుల ధింసా ఆట బొమ్మ ఒకటి ఉంటుంది. ఒకే రంగు చీరలు కట్టిన ఆడవాళ్లు వెనక నుంచి ఒకరి చేతులొకరు పట్టుకుని వరస కట్టి ఉంటారు. అందరి పాదాలూ ఒక్కసారే లేచిన క్షణంలో తీసిన ఫొటో అది. అందంగానే ఉంటుంది, కాదనలేం. కానీ ఆ పాదాలు ఏ మోత విని లేచాయో ఫొటోలో ఉండదు. డప్పు, తుడుము, కిరిడి, మోరి అనే సన్నాయి, జోడుకొమ్ములు లేకపోతే ధింసాలో అడుగు పడదు. తాళం మారితేనే అడుగు మారుతుంది. అవి వాయించే మగవాళ్లు మాత్రం ఫ్రేము అంచున సగం తెగిపోయి ఉంటారు, లేదంటే అసలే ఉండరు. సంగీతకారులు తమను తాము బ్రాండుగా ఎలా మలుచుకోవాలి, సోషల్ మీడియాలో ఎలా కనిపించాలి అని నగరాల్లో ఇప్పుడు శిక్షణ తరగతులే నడుస్తున్నాయి. మన్యంలో లెక్క వేరు. ఇక్కడ బ్రాండు ఎప్పుడో తయారైంది. దాని కింద వాద్యకారుడి పేరే లేదు. ఆ పేరు రావాలంటే అతను పర్యాటకుడి కళ్లకు నచ్చేలా తయారవడం మానేసి, తన భాష అర్థమయ్యేవాళ్ల చెవుల కోసం పనిచేయాలని నా వాదన.

జానపద కళకు ఇమేజీ ఏమిటి, అది కళను చెడగొట్టే వ్యవహారం కాదా అనేవాళ్లు ముందుగా వస్తారు. వాళ్లకు మన ఉత్తరాంధ్ర చరిత్రే జవాబు చెబుతుంది. శ్రీకాకుళ ఉద్యమ కాలంలో విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఎంచుకున్నది యాదృచ్ఛికంగా కాదు. జముకు మోగగానే జనం చుట్టూ చేరతారని ఆయనకు తెలుసు. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు కాళ్ల గజ్జెలు, ఆయన పాటలోని ఉత్తరాంధ్ర యాస, గద్దర్ గొంగడి, చేతికర్ర, ఒక విప్లవ పార్టీ నుంచి తీసుకున్న ఆ పేరు – ఇవన్నీ దూరం నుంచే మనిషిని గుర్తుపట్టించడానికి తెలిసి చేసుకున్న ఏర్పాట్లే. వేషం వల్ల పాట పలచబడిందని వాళ్ల విషయంలో ఎవరూ అనలేదు. ఆ వేషం ఎలా ఉండాలో వాళ్లే నిర్ణయించుకోవడం ఇందులో అసలు సంగతి. ధింసా విషయానికొస్తే, చీర రంగు, ఆట నిడివి, మొదలుపెట్టే వేళ చాలావరకు రిసార్టు వాళ్లో ఉత్సవ నిర్వాహకులో తేలుస్తారు. చైత్రంలో ఇటుకల పండగకు ఊళ్లో రోజుల తరబడి సాగే ఆట, రిసార్టు పచ్చికలో భోజనానికీ బస్సుకీ మధ్య ఇమిడిపోవాలి. మంత్రులు వచ్చినప్పుడు వాళ్లతో నాలుగడుగులు వేయించడానికీ అదే బృందం కావాలి. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అనలేదు. కళ స్వచ్ఛంగా ఉండాలని వాద్యకారులకు సుద్దులు చెప్పేవాళ్లు, ఆ మాట ముందు పర్యాటక ప్రకటనలు రాసేవాళ్లకు చెబితే బాగుంటుంది.

అరకు అనే పేరుకు విలువ ఎలా కట్టారో చూడాలంటే కాఫీని చూడాలి. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గిరిజన రైతులు సహకార సంఘంగా ఏర్పడి పండించిన గింజకు 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇటు గిరిజన సహకార సంస్థ కూడా అరకు పేరుతోనే కాఫీ పొట్లాలు అమ్ముతోంది. అంటే ఈ కొండల పేరును బ్రాండు చేయడం చేతకాని పనేమీ కాదు, చేసి చూపించారు. కానీ భౌగోళిక గుర్తింపు చట్టం వస్తువులకే వర్తిస్తుంది. బొబ్బిలి వీణకు ఆ గుర్తింపు వచ్చిందంటే అది చెక్కతో చేసిన వస్తువు కాబట్టి. ఆ వీణ మీద వాయించే రాగానికి రాలేదు. మోరికి ఎప్పుడైనా రావచ్చేమో గానీ, మోరి పాటకు రాదు. ఆటకూ పాటకూ ఉన్న దారి కాపీరైట్ చట్టం. 1994 సవరణతో ప్రదర్శకులకు హక్కులు వచ్చాయి. 2012 సవరణ ఇంకో అడుగు ముందుకేసి, తన ప్రదర్శనకు తన పేరు చెప్పాలని అడిగే హక్కు ప్రదర్శకుడికి ఇచ్చింది. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే జాబితాలో గాయకుడు, నర్తకితో పాటు పాములు ఆడించేవాడు కూడా ఉన్నాడు. ఆ లెక్కన మోరి ఊదేవాడికి చోటు లేకపోలేదు. ఇక్కడే ఒక మెలిక పెట్టారు. సినిమాలో యథాలాపంగా కనిపించి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎక్కడా పేరు వేయని మనిషిని ఆ హక్కు విషయంలో ప్రదర్శకుడిగా లెక్కించనక్కర్లేదట. పేరు వేసే అలవాటు లేదు కాబట్టి పేరు అడిగే హక్కూ లేదన్నమాట! ఎన్నో ఏళ్లుగా అరకులో షూటింగులు జరుగుతున్నాయి. పాటల్లో వెనక వరసలో నిలబడిన బృందాలకు ఈ మెలిక ఎంత నష్టం చేసి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఫోను దగ్గరికి వద్దాం. ఇంతకాలం ఫొటో తీసేవాడు వేరు, అందులో కనిపించేవాడు వేరు. ఇప్పుడు ఆ తేడా పోయే అవకాశం వచ్చింది. 2023లో గిరిజన ప్రాంతాల్లో ఒకేసారి 100 జియో టవర్లు ప్రారంభించారు. అందులో అత్యధికం అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి, అయినా పదేళ్ల కిందటి పరిస్థితి కాదు. తమ వంటలు, పొలం పనులు, పండగలు తామే చిత్రించి పెట్టే గిరిజన యువకుల యూట్యూబ్ ఛానళ్లకు తెలుగు జిల్లాల్లో మంచి ఆదరణ ఉంది. సంగీతం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒక విచిత్రం జరుగుతుంది. ధింసా మీద వచ్చే రీల్స్‌లో ఆట కనిపిస్తుంది, ఆట పాట మాత్రం వినిపించదు. తుడుము మోత తీసేసి, ఆ వారం ఊపుమీదున్న సినిమా పాటో డీజే మిక్సో అతికిస్తారు. అలా చేస్తే ఎక్కువమందికి చేరుతుందని తీసినవాళ్ల లెక్క. ఆ లెక్క తప్పనీ అనలేం. ఊపులో ఉన్న పాటను వాడుకున్న వీడియోను నలుగురి ముందుకు తోయడం ఈ వేదికల పద్ధతి. కానీ దాని ఫలితంగా పాదాల నడక ఒక తాళంలో, వినిపించే పాట మరో తాళంలో సాగుతాయి. ధింసా తెలిసినవాళ్లకు అది చూడటం నరకం. ఒకప్పుడు వాద్యకారుడిని ఫొటోగ్రాఫరు ఫ్రేములోంచి తీసేస్తే, ఇప్పుడు సొంత ఊరి కుర్రాడే శబ్దంలోంచి తీసేస్తున్నాడు.

ముప్పై సెకన్లలో ఇంకొకటి కూడా పోతుంది. ధింసా ఒక్క ఆట కాదు. గ్రామదేవత కోసం బోడ ధింసా, ఆకులు ఏరే పనిని అడుగుల్లోకి తెచ్చిన పొతర్ తోల, పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో ఆడి చూపే బాగ్ ధింసా, భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ సాగే కుండా ధింసా – ఇలా ఒక్కోదానికి ఒక్కో సందర్భం, ఒక్కో నడక ఉన్నాయి. రీల్ చూసినవాడికి ఇవన్నీ ఒక్కటే: చీరలు, వరస, చుట్టు తిరగడం. చూసేవాడు కొత్తవాడైతే అతనికి అంతకన్నా అక్కర్లేదు కూడా. అందుకే శ్రోత ఎవరన్నది తేల్చుకోకుండా బ్రాండు గురించి ఎంత మాట్లాడినా ఉపయోగం లేదు.

అరకు లోయలోని చాలా ధింసా పాటలు ఆదివాసీ ఒడియాలో ఉంటాయి. విశాఖ నుంచి రైల్లో వచ్చిన పర్యాటకుడికి అందులో ఒక్క ముక్కా అర్థం కాదు. అతని కోసం చేసిన వీడియోలో పాట ఉన్నా లేకపోయినా ఒకటే కావడంలో వింత లేదు. సరిహద్దు దాటి ఒడిశాలోని కొరాపుట్ వైపు వెళ్తే అక్కడి దేశియా మాట దీనికి దగ్గరి చుట్టం. వాళ్లకూ ధెంసా ఉంది, మోరి లాంటి సన్నాయి వాద్యం ఉంది, చైత్రమాసపు పండగ ఉంది. రెండు రాష్ట్రాల పాలన, రెండు లిపుల బడి వల్ల ఒకే పాట జనం రెండు ముక్కలయ్యారు. అరకులో పాడిన పాట కొరాపుట్ సంతలో వినిపించాలంటే ఇదివరకు మనిషి నడిచి వెళ్లాలి. ఇప్పుడు దేశియా పాటల వీడియోలు యూట్యూబ్‌లో సరిహద్దుకు రెండు వైపులా తిరుగుతున్నాయి. సోషల్ మీడియా ఈ కొండలకు చేసిన అసలు మేలు నా దృష్టిలో ఇదే. ఆ శ్రోతకు చీర రంగుతో పనిలేదు. మోరి తప్పు పలికితే పట్టేస్తాడు, పాటలో కొత్త చరణం కట్టారా పాతదే పాడారా అని అడుగుతాడు, ఏ ఊరి బృందమో చెప్పమంటాడు. పేరు అడిగే శ్రోత దొరికిన చోటే పేరుకు విలువ వస్తుంది. అలాంటి శ్రోత కోసం తీసే వీడియో తీరే మారిపోతుంది: ఫోను వాద్యకారుల దగ్గర పెట్టాలి, ఆట మొదటి నుంచి చివరిదాకా ఉంచాలి, కింద ఊరి పేరు, మోరి ఎవరిది, తుడుము ఎవరిది, ఇది ఏ ధింసా అన్నది తెలుగు, ఒడియా లిపులు రెండింటిలోనూ రాయాలి. దీనికి స్టూడియో అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

పేరు వస్తే కడుపు నిండుతుందా అన్నది అసలైన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఇంటింటికీ తెలిశారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్న వీడియో అదే సోషల్ మీడియాలో తిరిగింది. దేశమంతా గుర్తుపట్టే మొహం, తలపాగా, వాద్యం ఉండి కూడా నెల గడవడమే కష్టమైంది. ఇంతకన్నా గట్టి ఉదాహరణ నా వాదనకు ఎదురుగా దొరకదు. అయితే దీని నుంచి పేరు వృథా అనే నిర్ధారణకు రావడం తొందరపాటు. ఆయన పేరు సినిమా ద్వారా వచ్చింది, పురస్కారం ద్వారా వచ్చింది. రెండూ ఇంకొకరు ఇచ్చినవి. నెలనెలా ఆయన చేతికి డబ్బు తెచ్చే రికార్డింగు గానీ, ఛానల్ గానీ, బడి గానీ ఆ పేరుకు అనుబంధంగా ఏర్పడలేదు. సోషల్ మీడియా వేదికలు కూడా అద్దె ఇళ్లే. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు పల్లెల నుంచి వెలుగులోకి వచ్చిన ఎందరో ఆటగాళ్లు, పాటగాళ్లు పోగేసుకున్న శ్రోతలందరినీ రాత్రికి రాత్రే పోగొట్టుకున్నారు. పూర్తి నిడివి వీడియోలతో యూట్యూబ్ ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. కొన్ని లక్షల మంది మాట్లాడే భాషలో అది అసాధ్యం కాదు, కానీ దాంతో ఇల్లు నడవదు. దానితో వచ్చేది బేరమాడే శక్తి. తన పాటకు తేదీతో సహా రికార్డు ఉన్న బృందం రిసార్టుతోనూ, సినిమావాళ్లతోనూ మాట్లాడే తీరు వేరు. 2021లో ‘సారంగ దరియా’ సినిమా పాట వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని ముందే టీవీ పోటీలో పాడిన గాయని తన సంగతేమిటని గట్టిగా అడగగలిగారు. ఆమె పాడినట్టు అందరూ చూడగలిగే వీడియో ఉండటం ఆ మాటకు బలమైంది. అలాంటి రుజువు లేని ఊరి పాటను ఎవరో రికార్డు చేసి తమ సొంతంగా నమోదు చేసుకుంటే, ఆ రికార్డింగు వాడుకున్న ఊరివాళ్ల వీడియో మీదే యూట్యూబ్ యంత్రాంగం హక్కు దావా వేస్తుంది.

ధింసా ఊరందరిదీ, ఒకరి పేరు పైకెత్తితే మిగతావాళ్లు చిన్నబోతారు అన్న మాట ఊళ్ల నుంచే వస్తుంది. ఇందులో నిజముంది. ఒక్క మొహాన్ని పట్టుకుని బ్రాండు కట్టడం నగరపు గాయకుడికి నప్పుతుంది, వలయంలో నిలబడేవాళ్లకు నప్పదు. ఇక్కడ పేరు బృందానిది కావాలి, దాని ముందు ఊరి పేరు ఉండాలి. ఆచరణలో చిక్కంతా అప్పుడే మొదలవుతుంది. పాతిక మంది ఆడే బృందం ఛానల్ ఎవరో ఒక కుర్రాడి జీమెయిల్ మీద ఉంటుంది, డబ్బు అతని ఖాతాలోకే వస్తుంది. అతను పని కోసం విశాఖ వెళ్లిపోతే పాస్‌వర్డూ వెళ్లిపోతుంది. రెండేళ్ల పాటలు ఉండి కూడా ఎవరికీ అందవు. కాఫీ రైతులు ఈ చిక్కును 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం పెట్టుకుని దాటారు. ధింసా బృందాలకూ అదే దారి ఉంది: సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా, సంఘం పేరు మీదే ఛానల్, పాస్‌వర్డు కనీసం ఇద్దరి దగ్గర, వచ్చిన దాంట్లో వాద్యకారుల వాటా, ఆడేవాళ్ల వాటా ఎంతో ముందే రాసుకున్న కాగితం. రిసార్టు ఒప్పందంలోనూ రెండు వాక్యాలు చేర్చమని అడగాలి. అతిథులు తీసే వీడియోల సంగతి ఎలా ఉన్నా, రిసార్టు తన ప్రచారానికి వాడే ప్రతి వీడియోలో బృందం పేరు ఉండాలన్నది ఒకటి. దానిలో వినిపించే శబ్దం ఆ బృందం వాయించినదే అయి ఉండాలన్నది రెండోది. అడిగిన మొదటి బృందాన్ని కాదని పక్క ఊరి బృందాన్ని పిలిచే ప్రమాదం ఉంది, కాబట్టి లోయలోని బృందాలన్నీ కలిసి ఒకే మాట మీద ఉంటేనే ఇది సాగుతుంది.